ఫొటో కింద పేరు

ఉర్దూలో రెండు మాటలున్నాయి. ఒకటి షనాఖ్త్, రెండోది పహచాన్. నిఘంటువు తీస్తే రెండింటికీ దాదాపు ఒకే అర్థం దొరుకుతుంది: గుర్తింపు. వాడుకలో మాత్రం రెండింటి దారులూ వేరు. పోలీసు స్టేషన్‌లో మనుషుల్ని వరసగా నిలబెట్టి 'వీడేనా?' అని అడిగేది షనాఖ్త్. జేబులో పెట్టుకు తిరగాల్సిన కార్డు షనాఖ్త్. బస్సు దిగీ దిగగానే నడక చూసి 'నువ్వు ఫలానా వాళ్ల అబ్బాయివి కదూ' అని పలకరించేది పహచాన్. తెలుగులో ఈ రెండు బరువుల్నీ 'గుర్తింపు' అనే ఒక్క మాట నెత్తిన పెట్టాం. అందుకేనేమో ఆ మాట వినపడ్డప్పుడల్లా మనల్ని పిలుస్తున్నారో నిలదీస్తున్నారో తెలియక ఒక్క క్షణం తడబడతాం.

ఫొటోగ్రఫీ చరిత్ర మొత్తాన్ని ఈ రెండు మాటల మధ్య కొట్లాటగా చదవొచ్చు. కెమెరా పోలీసు చేతిలోనూ ఉంటుంది, తల్లి చేతిలోనూ ఉంటుంది. పరికరం ఒకటే, చూపు మాత్రం ఒకటి కాదు. ఈ మాట నాకు బలంగా పట్టుబడింది ఎక్కడో కాదు, ఉత్తర ఐరోపాలోని నార్డిక్ దేశాల నుంచి ఈ పాతికేళ్లలో వచ్చిన ఫొటోల దగ్గర. నార్వే, స్వీడన్, డెన్మార్క్, ఫిన్లాండ్, ఐస్‌లాండ్, డెన్మార్క్ రాజ్యంలో భాగంగా ఉన్న గ్రీన్‌లాండ్ - ఈ ప్రాంతాల ఫొటోగ్రాఫర్లు తమ జానపద కథల్నీ, అస్తిత్వాన్నీ, రోజువారీ బతుకునీ కలగలిపి పని చేస్తున్నారు. వీళ్ల మీద వచ్చే సమీక్షల్లో తరచూ కనిపించే మాటలు కొన్ని ఉన్నాయి: పొగమంచు, నిశ్శబ్దం, ప్రకృతి, మాయ. ఈ మాటలు అబద్ధాలు కావు. కానీ ఇవి అడగని ప్రశ్న ఒకటుంది. ఎవరి జానపదం? ఎవరి మాయ?

ముందు కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. నార్వే 1814 దాకా డెన్మార్క్ కింద, ఆ తర్వాత 1905 దాకా స్వీడన్ రాజు కింద ఉన్న దేశం. ఫిన్లాండ్ 1809 దాకా స్వీడన్‌లో భాగం, 1917 దాకా రష్యా చక్రవర్తుల కింద. ఇలా పరాయి నీడలో ఉన్న జాతులు తమకంటూ ఒక ముఖం ఉందని చెప్పుకోవడానికి జానపదాన్ని ఆశ్రయించాయి. నార్వేలో ఆస్బ్యోర్న్‌సెన్, మో అనే ఇద్దరు మిత్రులు 1840లలో పల్లె కథల్ని సేకరించి అచ్చు వేశారు. ఫిన్లాండ్‌లో ఎలియాస్ లోన్రోట్ పాటగాళ్ల నోట విన్న పాటల్ని కూర్చి 1835లో 'కాలేవాలా' తెచ్చాడు, 1849లో దాన్ని విస్తరించాడు. 1894లో ఐ.కె. ఇన్హా అనే ఫొటోగ్రాఫర్ ఆ పాటల నేలను వెతుక్కుంటూ తెల్ల సముద్రం వైపు కరేలియా పల్లెలకు కెమెరా మోసుకుపోయాడు. ఎదురెదురుగా కూచుని చేతులు పట్టుకుని పాడుతున్న ఇద్దరు అన్నదమ్ముల ఫొటో ఆ ప్రయాణంలోదే. ఇప్పటికీ ఫిన్లాండ్ తన మూలాల గురించి మాట్లాడాల్సి వస్తే ఆ ఫొటో వైపు చూస్తుంది. అది కెమెరా కోసం కుదిరి కూచున్న భంగిమ. అయినా ఒక జాతికి అది జ్ఞాపకం అయింది.

దీన్ని ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. అణగిన జాతి తన కథల్ని పోగు చేసుకోవడం న్యాయమే. అయితే అదే కాలంలో, అదే నేల మీద ఇంకో పని కూడా జరిగింది. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్‌ల ఉత్తర భాగంలోనూ రష్యాలోని కోలా ద్వీపకల్పంలోనూ సామీలు అనే ఆదివాసులు ఉన్నారు. వాళ్ల కథలకు ఈ గౌరవం దక్కలేదు. వాళ్ల డోళ్లను మతం పేరుతో లాక్కున్నారు, తగలబెట్టారు. ఆండర్స్ పౌల్సెన్ అనే సామీ వృద్ధుడి డోలును 1691లో జప్తు చేసి, మంత్రగాడన్న నేరం మోపి విచారణ జరిపారు. తీర్పు రాకముందే 1692లో అతను ఖైదులో హత్యకు గురయ్యాడు. ఆ డోలు డెన్మార్క్ జాతీయ మ్యూజియం సొత్తు అయింది. దాని మీద హక్కు సామీల మ్యూజియానికి తిరిగి వచ్చింది 2022లో. ఇక పంతొమ్మిదో శతాబ్దం నడిమి నుంచి నార్వే ప్రభుత్వం సామీ పిల్లల్ని బడిలో సామీ భాషకు దూరం చేసి నార్వేజియన్లుగా మార్చే విధానాన్ని దశాబ్దాల పాటు నడిపింది. ఆ గాయాల మీద వేసిన సత్యశోధన, సామరస్య కమిషన్ తన నివేదికను పార్లమెంటుకు ఇచ్చింది 2023 జూన్‌లో.

అంటే లెక్క ఇలా తేలుతుంది. ఆధిక్యంలో ఉన్నవాడి కథ వారసత్వం. అంచున ఉన్నవాడి కథ మూఢనమ్మకం, లేదా నేరానికి సాక్ష్యం. జానపదం అనే మాట అందరి చేతిలోనూ ఒకే బరువు తూగదు.

కెమెరా విషయంలోనూ ఇంతే. 1884లో ఫ్రాన్స్ నుంచి రోలాండ్ బోనపార్ట్ - నెపోలియన్ తమ్ముడి మనవడు - ఒక బృందాన్ని వేసుకుని సామీల ప్రాంతానికి వెళ్లాడు. మనుషుల్ని ఎదురుగా ఒకసారి, పక్క నుంచి ఒకసారి నిలబెట్టి ఫొటోలు తీయించాడు. నేరస్తుల్ని తీసే పద్ధతికీ దీనికీ ఎంత పోలిక ఉందో వేరే చెప్పక్కర్లేదు. స్వీడన్ 1922లో ఉప్సాలాలో ఏకంగా ప్రభుత్వ జాతి జీవశాస్త్ర సంస్థనే పెట్టింది. దానికి 1935 దాకా అధిపతిగా ఉన్న హెర్మన్ లుండ్‌బోర్గ్ సామీల తలలు కొలిపించాడు, ఫొటోలు తీయించాడు. ఇది షనాఖ్త్. ఆ ఫొటోల్లో మనిషి లేడు, నమూనా ఉంది.

ఈ నేపథ్యం తెలియకుండా నార్డిక్ కొత్త ఫొటోల్ని చూడటం, పునాది చూడకుండా గోడ రంగు మెచ్చుకోవడం లాంటిది.

*

ఫిన్లాండ్‌కు చెందిన యోర్మా పురానెన్ 1990లలో ఒక పని చేశాడు. బోనపార్ట్ తీయించిన ఆ సామీల ముఖాల్ని పారిస్ మ్యూజియం భాండాగారంలో చూసి, వాటికి మళ్లీ ఫొటోలు తీసి, అద్దంలాంటి యాక్రిలిక్ పలకల మీదికి ఎక్కించి, వాళ్లు పుట్టిన ఉత్తరపు నేల మీదికే తీసుకెళ్లి నిలబెట్టాడు. మంచులో, బండల మధ్య, చెట్ల కింద ఆ ముఖాలు. పలకల గుండా వెనకాల నేల కనిపిస్తుంది. ఆ నేలను మళ్లీ ఫొటో తీశాడు. 'ఊహలో ఇంటికి తిరిగిరాక' అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. పుస్తకం 1999లో వచ్చింది.

చూస్తే గుండె పట్టేసే పని ఇది. అయినా విమర్శకుడి పని అక్కడ ఆగడం కాదు. పురానెన్ సామీ కాడు. ముఖాల్ని తెచ్చి నేల మీద పెట్టిన చెయ్యి కూడా ఆధిక్య సమాజపు చెయ్యే. 'ఊహలో' అన్న ఒక్క మాటతో ఆయన ఆ సంగతి ఒప్పుకున్నాడు. అదే ఈ పనిలోని నిజాయితీ. ఫొటోలు ఇంటికి వచ్చాయి కానీ తలుపు తీసి 'ఈమె మా నాయనమ్మ' అని చెప్పేవాళ్లు ఆ ఫ్రేములో లేరు.

ఆ తలుపు తీసిన మనిషి గ్రీన్‌లాండ్ నుంచి వచ్చింది. పియా ఆర్కె. 1958లో తూర్పు గ్రీన్‌లాండ్‌లోని స్కోర్స్‌బీసుండ్‌లో పుట్టింది. తల్లి గ్రీన్‌లాండ్ మనిషి, తండ్రి డేనిష్. ఆమె పుట్టిన ఊరే ఒక ప్రభుత్వ పథకం. 1925లో డెన్మార్క్ అక్కడికి దక్షిణాన ఉన్న అమ్మస్సలిక్ నుంచి కుటుంబాల్ని తరలించి కొత్త కాలనీ కట్టింది. 1988లో ఆర్కె తాను లోపలికి దూరి నిలబడేంత పెద్ద సూదిబెజ్జం కెమెరాను చెక్కతో కట్టించుకుంది. కెమెరా ముందు నిలబడే జాతి మనిషి కెమెరా లోపలికి వెళ్లి నిలబడింది. ఇంతకు మించిన రాజకీయ ప్రకటన ఏముంటుంది? ఆ తర్వాత ఆమె చేసిన పని ఇంకా పెద్దది. డెన్మార్క్ భాండాగారాల్లో పేరూ ఊరూ లేకుండా పడి ఉన్న పాత ఫొటోల్ని ఏరి, తన ఊరికి తీసుకెళ్లి, అక్కడి మనుషుల ముందు పెట్టి పేర్లు అడిగింది. 2003లో వచ్చిన స్కోర్స్‌బీసుండ్ కథల పుస్తకం అలా పుట్టింది. ఆమె 2007లో చనిపోయింది. ఒక్క మాటలో చెప్పాలంటే ఆమె షనాఖ్త్‌ను పహచాన్‌గా మార్చింది. నమూనా కింద పేరు రాసింది.

తర్వాతి తరాన్ని ఈ గీటురాయి మీదే పరీక్షించాలని నా అభిప్రాయం.

*

మొదట అందరికీ బాగా తెలిసిన పనిని తీసుకుందాం. నార్వేకు చెందిన కారోలిన్ యోర్త్, ఫిన్లాండ్‌కు చెందిన రీతా ఇకోనెన్ కలిసి 2011లో మొదలుపెట్టిన ఫొటోల వరస పేరు 'పళ్లాలంత కళ్లు'. మూడు మేకపోతుల కథ విన్న నార్వే పిల్లలకు వంతెన కింద రాక్షసుడి కళ్లు పళ్లాలంత ఉంటాయని తెలుసు. ఈ ఇద్దరూ వృద్ధుల్ని వెతుక్కుంటూ వెళ్తారు. రైతులు, జాలర్లు, గృహిణులు, పండితులు. వాళ్లతో మాట్లాడి, వాళ్లకు తెలిసిన చోటికే వెళ్లి, అక్కడ దొరికే నాచు, గడ్డి, కొమ్మలు, సముద్రపు పాచి వాళ్ల ఒంటి మీద అలంకరించి నిలబెడతారు. పాతకాలం కథల్లో కొండకూ చెట్టుకూ ప్రాణం పోసి మనిషి రూపం ఇచ్చేవారు. ఇక్కడ మనిషే కొండలో చెట్టులో కలిసిపోతాడు. తొలి పుస్తకం 2017లో వచ్చింది. పని నార్వే దాటి ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్, జపాన్, కొరియా, సెనెగల్ దాకా పోయింది.

ఈ ఫొటోల్లో నాకు నచ్చినవి రెండు. ఒకటి, ముసలితనాన్ని ఇవి జాలిగా చూడవు. నాచు కిరీటం పెట్టుకున్న ముసలమ్మ కెమెరా వైపు చూసే చూపులో మంచం పట్టిన దైన్యం లేదు, రాజసం ఉంది. రెండు, ప్రతి ఫొటోకూ ఆ మనిషి పేరే పేరు. 'వృద్ధుడు' అని కాదు, 'నార్వే రైతు' అని కాదు, ఆయన పేరు.

అయితే ఒక అనుమానం మిగులుతుంది. ఒక నార్వే రైతు నాచు కప్పుకుని నిలబడితే అది ఆట, కవిత్వం. రేపు పొద్దున అతను మళ్లీ చొక్కా తొడుక్కుని బ్యాంకుకు వెళ్తాడు. అతన్ని ఎవరూ 'అడవి మనిషి' అనరు. కానీ సామీనో గ్రీన్‌లాండ్ మనిషినో అలా నిలబెడితే? వందేళ్లుగా 'మీరు ప్రకృతిలో భాగం' అనే మాటతోనే కదా వాళ్లను చరిత్ర బయట ఉంచింది! ప్రకృతిలో కలిసిపోవడం కొందరికి సెలవు, కొందరికి శిక్ష. ఈ తేడాను ఆ ఫొటోలు తమంతట తాముగా చెప్పవు. చూసేవాడే తెచ్చుకోవాలి. అదే వాటి పరిమితి.

ఈ అనుమానానికి జవాబు మార్యా హెలాండర్ పనిలో దొరుకుతుంది. 1965లో హెల్సింకీలో పుట్టింది. తండ్రి సామీ, తల్లి ఫిన్నిష్. 2000ల మొదట్లో చేసిన 'ఆధునిక సంచారులు' అనే వరసలో తన బొమ్మనే తాను తీసుకుంది. పట్నపు దుస్తుల్లో ఉత్తరాది బోడి కొండల మీద. సామీ దుస్తుల్లో పట్నపు మామూలు బతుకులో. రెండు చోట్లా ఆమె పొసగదు. మొదటి చూపుకి నవ్వొస్తుంది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోతుంది. ఎందుకంటే పొసగనిది ఆమె కాదు, ఆమె గురించి మన బుర్రలో ఉన్న బొమ్మ. సామీ అంటే రంగుల అంచు గుడ్డలు, రెయిన్‌డీర్, మంచు. ఆ దుస్తుల్లో సామాన్ల బుట్ట పట్టుకుంటే ఎందుకు వింత? పట్నపు బట్టల్లో తాతల కొండ ఎక్కితే ఎందుకు నకిలీ?

అంచున ఉన్న ఏ సమూహానికైనా ఈ చిక్కు తెలుసు. మన దగ్గర పత్రికలకు పండగ నాడు మాత్రమే గుర్తొచ్చే మనుషులున్నారు. ఆ ఒక్క రోజు వేషమే వాళ్ల ఏడాది మొత్తం ముఖం అవుతుంది. మిగతా రోజుల్లో వాళ్లు సైకిలు పంక్చరు వేయించుకున్నా, పిల్లల ఫీజు కట్టినా ఫొటో లేదు. అందుకే హెలాండర్ ఫొటోలకు మనకు వివరణ అక్కర్లేదు. ఫిన్లాండ్‌లో పర్యాటకుల కోసం సామీలు కానివాళ్లకు సామీ వేషాలు కట్టించే వ్యాపారం మీద ఎంత గొడవ జరిగిందంటే, అక్కడి సామీ పార్లమెంటు 2018లో పర్యాటకానికి నైతిక సూత్రాలు రాసుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది హెలాండర్ తీసిన పొట్టి సినిమాలో ఇద్దరు సామీ యువతులు బ్యాలే చేస్తూ సామీ పల్లెల నుంచి హెల్సింకీ పార్లమెంటు భవనం దాకా వస్తారు. నాట్యం అందంగానే ఉంటుంది. అడిగే ప్రశ్న మాత్రం భూమి ఎవరిదని. తాంపెరె చలనచిత్రోత్సవంలో దానికి రిస్తో యార్వా బహుమతి వచ్చింది.

*

ఇక ఈ తరంలో ఎక్కువగా మాట్లాడుకుంటున్న పేరు ఇనూతెక్ స్టోర్క్. 1989లో గ్రీన్‌లాండ్‌లోని సిసిమియుట్‌లో పుట్టాడు. కోపెన్‌హాగన్‌లో, న్యూయార్క్‌లో ఫొటోగ్రఫీ చదివాడు. అతని ఫొటోల్లో మంచుకొండలు లేకపోలేదు, కానీ వాటికి వీరుడి పాత్ర లేదు. వంటిల్లు ఉంది, సిగరెట్ ఉంది, నిద్రపోతున్న స్నేహితుడు ఉన్నాడు, కుక్క ఉంది, పడవ ఉంది. ఫ్లాష్ వెలుగు ముఖం మీద సూటిగా పడుతుంది. ఇంటి ఆల్బమ్‌లో ఫొటోల్లాగే ఉంటాయి. అలా ఉండటమే అతని వాదం. గ్రీన్‌లాండ్ జనాభా సుమారు 56 వేలు. ఆ దేశాన్ని లోకం ఎప్పుడూ అన్వేషకుల కళ్లతోనే చూసింది. ఇంట్లో మనిషి కళ్లతో చూస్తే మొదట కనపడేది మంచు కాదు, టీ కప్పు.

2018లో వచ్చిన 'పోర్సిలిన్ ఆత్మలు' పుస్తకం అతని తల్లిదండ్రుల ఉత్తరాలూ ఫొటోలతో కూర్చింది. గ్రీన్‌లాండ్‌కూ డెన్మార్క్‌కూ మధ్య నలిగిన రోజులవి. ఇక్కడ ఇంకో ఫొటోగ్రాఫర్‌ను పక్కన పెట్టి చూస్తే తేడా తేటపడుతుంది. ఫిన్లాండ్‌కు చెందిన ఎలీనా బ్రోథెరుస్ 1999లో ఫ్రాన్స్‌లోని షలోన్ సుర్ సోన్ అనే ఊళ్లో ఉంటూ, ఫ్రెంచి రాక, గదిలో సామాన్ల మీద పసుపు చీటీలు అంటించుకుని మాటలు నేర్చుకుంది. ఆ చీటీల్నీ తననూ ఫొటోలు తీసింది. పరాయి భాషలో మనిషి పసిపిల్లయిపోవడం అంత సున్నితంగా ఎవరూ చూపలేదు. కానీ అది ఆమె ఎంచుకున్న పరాయితనం. చీటీ పీకేసి ఇంటికి వెళ్లిపోవచ్చు. గ్రీన్‌లాండ్ కథ అది కాదు. 1951లో 22 మంది గ్రీన్‌లాండ్ పిల్లల్ని 'చిన్న డేనిష్‌లు'గా తయారు చేయడానికి ఓడెక్కించి డెన్మార్క్ పంపారు. తిరిగొచ్చాక కొందరు తల్లితో మాట్లాడటానికి కూడా తమ భాష మరిచారు. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2020లో. అక్కడ చీటీ వస్తువుల మీద కాదు, మనుషుల మీద అంటించారు.

స్టోర్క్ ఇంకో పని కూడా చేశాడు. గ్రీన్‌లాండ్ తొలి వృత్తి ఫొటోగ్రాఫర్ జాన్ మోలర్ తీసిన పాత బొమ్మల్ని వెతికి పుస్తకంగా తెచ్చాడు. ఇది ఆర్కె దారే. మాకూ ఒక ఫొటోగ్రాఫర్ ఉన్నాడు, మా ముఖాల్ని మావాడే చూశాడు అని చెప్పడం. తాతను వెతుక్కోవడం అంటే గతంలోకి పారిపోవడం కాదు. చూసే హక్కుకు దస్తావేజు సంపాదించడం.

2024 వెనిస్ బియెన్నాలేలో డెన్మార్క్ మండపం మొత్తాన్నీ అతనికే ఇచ్చారు. ఒక గ్రీన్‌లాండ్ మనిషికి ఆ అవకాశం రావడం అదే మొదటిసారి. మండపం ముందు డెన్మార్క్ పేరుకు తోడు 'కలాల్లిత్ నునాత్' అన్న అక్షరాలు వెలిశాయి. గ్రీన్‌లాండ్‌కు ఆ ప్రజలు పెట్టుకున్న పేరది. అంతకు ముందు 2022లో నార్డిక్ మండపాన్ని సామీ మండపం అన్నారు.

సంతోషించాల్సిందే. చప్పట్లు కొడుతూనే ఒక కన్ను తెరిచి ఉంచాలి. 2021 అక్టోబరులో నార్వే సుప్రీంకోర్టు ఫోసెన్ ప్రాంతంలో గాలిమరల అనుమతులు సామీ పశుపాలకుల హక్కులకు భంగమని తీర్పు చెప్పింది. వెనిస్‌లో సామీ మండపం తెరిచిన నాడూ ఆ మరలు తిరుగుతూనే ఉన్నాయి. తీర్పు వచ్చి 500 రోజులు దాటినా తిరుగుతుంటే 2023లో సామీ యువత ఓస్లోలో మంత్రిత్వ శాఖల గుమ్మాల ముందు కూచుంది. మండపం మీద పేరు మార్చడం తేలిక, భూమి కాగితం మీద మార్చడం కష్టం. ఆధిపత్య సంస్కృతి తెలివైనది. ఇవ్వాల్సినదానికి బదులు ఇవ్వగలిగినది ఇస్తుంది. గ్యాలరీ గోడ ఇవ్వగలిగినది. 2025లో అమెరికా అధ్యక్షుడు గ్రీన్‌లాండ్ తమకు కావాలని పదేపదే అన్నప్పుడు చర్చంతా మ్యాపు, ఖనిజాలు, స్థావరాల చుట్టూ తిరిగింది. ఆ రోజుల్లో స్టోర్క్ ఫొటోల్లోని ఆ టీ కప్పు నాకు రాజకీయ పత్రంలా కనిపించింది. ఇక్కడ మనుషులున్నారు అనే సాక్ష్యం అది.

చివరగా ఒక లోటు. 'నార్డిక్ జానపదం' అంటే అడవి, సముద్రం, కొండ అని మాత్రమే రాసుకుంటే, అడవి లేనివాళ్లు ఎక్కడికి పోవాలి? 1970ల నుంచి ఓస్లోలో ఉర్దూ మాట్లాడే పాకిస్తానీ కుటుంబాలు ఉన్నాయి. అక్కడే పుట్టిన మనవలు అమ్మమ్మ నోట విన్న జిన్ కథ నార్వే జానపదం కాదా? దీనికి స్వీడన్ నుంచి ఒక జవాబు వచ్చింది. 1990లో స్టాక్‌హోంలో పుట్టిన లాప్-సీ లామ్ తన కుటుంబం నడిపిన తరహా చైనా హోటళ్లు మూతపడుతుంటే వాటి లోపలి భాగాల్ని స్కానర్‌తో పట్టుకుంది. యంత్రం చూడలేకపోయిన చోట కుర్చీలు, గోడలు కరిగి దయ్యాల్లా వేలాడతాయి. వలస వచ్చిన తరానికి ఆ హోటలే అడవి, ఆ చెదిరిన గోడే జానపదం. 2024లో స్టోర్క్ డెన్మార్క్ మండపంలో ఉన్నప్పుడు, ఆమె నార్డిక్ మండపంలో చేపా మనిషీ కలిసిన హాంగ్‌కాంగ్ పురాణ జీవి కథ చెప్పింది. ఆ నేల జానపదం ఇప్పుడు ఒక్క భాషలో లేదు.

కాబట్టి ఈ ఫొటోల ముందు నిలబడ్డప్పుడు వెలుగు బాగుందా, మంచు బాగుందా అని మాత్రమే అడిగితే సరిపోదు. కెమెరా ఎవరి చేతిలో ఉంది? ఫొటో చివరికి ఎవరింటికి చేరింది? ఆ వేషం రేపు విప్పేసే హక్కు ఆ మనిషికి ఉందా? ఈ మూడూ అడగాలి. పురానెన్ ముఖాల్ని నేల దాకా తెచ్చాడు. ఆర్కె వాటి కింద పేర్లు రాయించింది. హెలాండర్ వేషాన్ని ప్రశ్నించింది. స్టోర్క్ వంటింట్లోకి పిలిచాడు. ఒక్కొక్కరూ ఒక్కో అడుగు. ఆ అడుగులన్నీ షనాఖ్త్ నుంచి పహచాన్ వైపు పడ్డవే.

ఫొటో వెనక నంబరు వేసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఫొటో కింద పేరు రాసే పని మాత్రం మనది, మనలాంటి వాళ్లది.